పనిచోటు వ్యాయామం – కండరాల నొప్పి, ఒత్తిడి: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల శ్రామిక నేపథ్యం

వ్యాససంగ్రహం

గద్వాల చేనేత, పత్తి విత్తనోత్పత్తి, వరి, వేరుశనగ సాగు, మట్టిపని ఈ మూడు జిల్లాల ప్రధాన శ్రమరూపాలు. వీటిలో ప్రతి ఒక్కటీ శరీరాన్ని గంటల తరబడి ఒకే భంగిమలో బంధిస్తుంది. పనిచోటనే చేసే చిన్నపాటి వ్యాయామం ఆ నొప్పిని, దానితో పెనవేసుకున్న మానసిక ఒత్తిడిని ఎలా తగ్గించగలదో, ఎక్కడ తగ్గించలేదో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. నొప్పిని గురించి స్థానిక శ్రామికులు వాడే పదజాలాన్ని, శ్రామిక గేయాల లయను కూడా ఇందులో పరిశీలించడం జరిగింది.

కీలక పదాలు: చేనేత, గుంత మగ్గం, కండరాల నొప్పి, పనిచోటు వ్యాయామం, శ్రామిక గేయాలు, మాండలిక పదజాలం.

1. ఉపోద్ఘాతం

తాళపత్ర ప్రతులను పరిశీలించిన వారికి లేఖకులు గ్రంథాంతంలో రాసుకున్న ఒక సంస్కృత శ్లోకం తరచుగా ఎదురవుతుంది. వీపు, నడుము, మెడ విరిగిపోగా, చూపు కొయ్యబారగా, తల వంచుకొని కష్టపడి రాసిన గ్రంథమిది, దీన్ని జాగ్రత్తగా కాపాడండని దాని సారాంశం. పండితులు దీన్ని గ్రంథరక్షణ సూక్తిగానే చదివారు. కాని ఇది వృత్తిరీత్యా కలిగిన కండరాల నొప్పిని శరీరభాగాల వారీగా నమోదు చేసిన వాఙ్మూలం కూడా. ఇటలీలోని మోడెనాలో బెర్నార్డినో రమజ్జినీ 1700లో వృత్తి వ్యాధులపై గ్రంథం ప్రకటించినప్పుడు, లేఖకులకు వచ్చే జబ్బులకు చూపిన కారణాలు మూడు: కదలకుండా కూర్చోవడం, చేతిని ఒకే తీరుగా ఎడతెగక ఆడించడం, మనసుపై పడే భారం. మన లేఖకుని శ్లోకంలో మొదటిదీ మూడవదీ ఉన్నాయనడానికి పెద్ద వ్యాఖ్యానం అక్కరలేదు.

'విద్వద్గద్వాల'గా పేరుపొందిన సంస్థానం, దానికి పొరుగున వనపర్తి సంస్థానం మన సాహిత్యచరిత్రలో పండితపోషణకు ప్రసిద్ధి. ఆ ఆస్థానాల కావ్యాలపై పరిశోధనలు వచ్చాయి. అదే నేలపై మగ్గం గుంతలో కాళ్ళు దింపి కూర్చున్నవారి నడుము మాత్రం మన పరిశోధనకు వస్తువు కాలేదు. అది వైద్యశాస్త్రం పని అని తెలుగు శాఖలు అనుకోవడం సహజమే. అయితే నొప్పిని కొలవడానికి ముందు దాన్ని గురించి అడగాలి. అడగడం భాషతో ముడిపడిన పని. ఈ వ్యాసం ఆ దృష్టితోనే సాగుతుంది.

2. పని – భంగిమ

2016 అక్టోబరు 11న ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా నుండి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలు వేరుపడ్డాయి. పరిపాలనాపరంగా మూడైనా శ్రమరీత్యా ఇవి ఒకదానిలోకి ఒకటి ప్రవహించే ప్రాంతాలు.

గద్వాల చీర నడిమిభాగం నూలు, అంచు, కొంగు పట్టు. నూలు పేకను, అంచు పేకను వరుసవరుసకూ ఒకదానితో ఒకటి మెలివేస్తూ నేయడం దీని ప్రత్యేకత. దీన్నే 'కుట్టు' అంటారు. ఇంతటి సూక్ష్మమైన పనికి కన్ను పడుగు మీదనే నిలవాలి. కన్ను నిలవాలంటే మెడ వంగాలి. నేతకారుడు గుంత అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి దింపి పలకలను ఒకదాని తరువాత ఒకటి తొక్కుతాడు. ఒక చేతితో నాడె ఆడిస్తాడు, రెండవ చేతితో పేకను దగ్గరకు కొట్టే చట్రాన్ని లాగుతాడు. చేతులూ కాళ్ళూ నిరంతరం కదులుతూనే ఉంటాయి. వాటికి ఆధారమైన నడుము, మెడ, గూడలు కదలవు. రాజోలి, అయిజ, అమరచింత వంటి నేత కేంద్రాలన్నిటా ఈ శరీరస్థితి ఇంచుమించు ఇదే.

నేతపని అనగానే మగ్గం మీద కూర్చున్న వ్యక్తే మనకు కనిపిస్తాడు. కండెలు చుట్టేవారు, పడుగు సాగదీసేవారు, తెగిన పోగులు అతికేవారు కనిపించరు. వీరిలో ఎక్కువమంది ఇంటి ఆడవాళ్ళు. 2019-20 నాటి నాలుగవ అఖిల భారత చేనేత గణన దేశంలో 35.22 లక్షల మంది నేతకారులను, అనుబంధ పనివారిని లెక్కించింది. వారిలో స్త్రీలే అధికం. కుడిచేతితో చరఖా తిప్పుతూ ఎడమచేతితో దారం పట్టి కూర్చున్న స్త్రీకి వచ్చే మోకాలి నొప్పి, మణికట్టు నొప్పి 'ఇంటిపని నొప్పులు'గా లెక్కకు వస్తాయి తప్ప వృత్తి నొప్పులుగా కాదు.

గద్వాల ప్రాంతపు మరో ముఖ్యమైన శ్రమ హైబ్రిడ్ పత్తి విత్తనోత్పత్తి. స్థానికులు దీన్ని 'క్రాసింగ్' అని పిలుస్తారు. సాయంత్రం వేళ మొగ్గలోని కేసరాలను గోటితో తొలగించి, మరునాటి ఉదయం మగపువ్వు పుప్పొడిని దానికి అద్దాలి. మొక్క ఎత్తును బట్టి నడుము వంగుతూ, రెండు వేళ్ళ కొసలతో ఒక్కొక్క మొగ్గనూ పట్టి చేసే పని ఇది. బరువు ఏమాత్రం లేదు. అయినా సీజను ముగిసేసరికి బొటనవేలు, మెడ పనివాని మాట వినవు.

కల్వకుర్తి ఎత్తిపోతల పథకంతో నాగర్‌కర్నూలు, వనపర్తి మెట్టభూములకు నీరందిన తరువాత వరి విస్తరించింది. వరితోపాటు నాట్లకు వంగే గంటలూ పెరిగాయి. వేరుశనగ పీకడం, కాయ తెంపడం గొంతుకూర్చుని చేసే పనులు. ఇక దేశంలోని ప్రాజెక్టుల కట్టల మీద మట్టి మోసిన పాలమూరు కూలీ గురించి ఇక్కడి పాఠకులకు కొత్తగా చెప్పవలసింది లేదు.

3. బరువు లేని నొప్పి

మట్టిగంప మోసినవానికి నడుము నొప్పి రావడం అందరికీ అర్థమవుతుంది. పత్తిమొగ్గ గిల్లినవారికి మెడనొప్పి ఎందుకు వస్తుందన్నదే వివరించవలసిన విషయం.

కండరం సంకోచించి సడలుతున్నప్పుడు రక్తం లోపలికి వచ్చి పోతుంది. సంకోచించి అలాగే ఉండిపోతే రక్తనాళాలు నొక్కుకుపోయి ఆ ప్రవాహం మందగిస్తుంది. నిరంతరం కదిలే కాలికంటే కదలకుండా చేతిని నిలిపి ఉంచిన గూడ ముందుగా అలసిపోవడానికి ఇది ఒక కారణం. స్వీడన్ పరిశోధకుడు యోరాన్ హెగ్ 1991లో మరొక వివరణను ప్రతిపాదించాడు. తేలికపాటి పనిలో కండరమంతా పాల్గొనదు. అందులోని కొన్ని చిన్న తంతువులే మొదట పనిలోకి దిగుతాయి, చివరిదాకా అవే పనిచేస్తాయి. పని ఎంత తేలికైనా వాటికి మాత్రం విరామం దొరకదు. అందరికంటే ముందు లేచి అందరికంటే వెనుక పడుకొనే కథానాయిక పేరుతో దీన్ని 'సిండ్రెల్లా పరికల్పన' అని వ్యవహరిస్తారు. మన ఉమ్మడి కుటుంబాల చిన్నకోడలు పేరు పెట్టినా సరిపోయేది.

ఈ పరికల్పనలో మానసిక ఒత్తిడికీ చోటుంది. ఏకాగ్రత, ఆందోళన, గడువు భయం ఉన్నప్పుడు మెడ నుండి గూడల దాకా వ్యాపించిన కండరాలు మనకు తెలియకుండానే బిగుసుకుంటాయి. అంటే చేయి విశ్రమించినా ఆ తంతువులు విశ్రమించవు. పెళ్ళిళ్ళ సీజనులో చీర సకాలంలో దిగాలని షావుకారు తొందరపెట్టినప్పుడు, పోగు తెగితే కూలి కోత పడుతుందన్న భయం ఉన్నప్పుడు నేతకారుని మెడ మీద ఉన్నది తల బరువు మాత్రమే కాదు. కాబట్టి నొప్పి, ఒత్తిడి అని రెండు శీర్షికలుగా విడదీసి చెప్పడం బోధనా సౌకర్యమే తప్ప శరీరానికి ఆ విభజన తెలియదు.

4. 'కష్టం చేసేవారికి కసరత్తు ఎందుకు?'

పనిచోటు వ్యాయామం అనగానే వచ్చే మొదటి ఆక్షేపణ ఇది. ఇది అజ్ఞానంతో కూడిన ప్రశ్న కాదు. జవాబు చెప్పదగిన ప్రశ్న.

డెన్మార్క్ పరిశోధకుడు ఆండ్రియాస్ హోల్టర్‌మన్, అతని సహచరులు తీరిక సమయంలో చేసే శారీరక శ్రమ ఆరోగ్యాన్ని పెంచుతుండగా జీవనోపాధి కోసం చేసే శ్రమ అలా పెంచకపోవడాన్ని ఒక వైరుధ్యంగా గుర్తించి చర్చించారు. కారణాలు ఊహకు అందేవే. వ్యాయామంలో ఎప్పుడు ఆపాలో చేసేవాడు నిర్ణయించుకుంటాడు. కూలిపనిలో ఆ నిర్ణయం మేస్త్రీది. వ్యాయామంలో కదలికలు మారుతుంటాయి. నాట్లలో ఒకే కదలిక పొద్దు వాలేదాకా సాగుతుంది. వ్యాయామం తరువాత శరీరం కోలుకొనే వ్యవధి ఉంటుంది. పని తరువాత ఆడకూలీకి వంటపొయ్యి ఉంటుంది. కనుక కష్టజీవికి కావలసింది మరింత శ్రమ కాదు, పనిలో లేని కదలిక. రోజంతా ముందుకు వంగినవారు కొంతసేపు వెనుకకు వాలాలి. పిడికిలి బిగించినవారు వేళ్ళు విప్పాలి. కూర్చున్నవారు నిలబడాలి. మట్టి మోసినవారికైతే కదలిక కంటే ముందు విశ్రాంతి.

పనిచోట చేసే వ్యాయామం ఫలితాలపై డెన్మార్క్‌లోనే నమ్మదగిన ప్రయోగాలు జరిగాయి. లార్స్ అండర్సన్ బృందం 2011లో ప్రచురించిన అధ్యయనంలో, మెడ, గూడల నొప్పి తరచుగా వచ్చే 198 మంది పాల్గొన్నారు. సాగే రబ్బరు పట్టీతో రోజుకు 2 నిమిషాలు ఒక బృందం, 12 నిమిషాలు మరొక బృందం, వారానికి అయిదు రోజుల చొప్పున 10 వారాలు వ్యాయామం చేశాయి. రెండింటిలోనూ నొప్పి తగ్గింది. 2 నిమిషాలు కూడా వృథా కాలేదన్నది ఇక్కడ గమనించవలసిన అంశం. 2015లో ప్రచురితమైన మరో అధ్యయనం ఆసుపత్రులలో పనిచేసే 200 మంది స్త్రీలకు సంబంధించింది. ఒక వర్గం పనివేళల్లో, పనిచోట, తోటివారితో కలసి వ్యాయామం చేసింది. మరో వర్గం ఇంటివద్ద తీరికవేళ చేసింది. పనిచోట చేసినవారికే నొప్పి ఎక్కువగా తగ్గింది. ఇంటికి వెళ్ళి చేసుకోండని కరపత్రం చేతికిచ్చి పంపే పద్ధతి ఎందుకు ఫలించదో దీన్నిబట్టి తెలుస్తుంది. అయితే ఈ రెండు ప్రయోగాలూ జీతం కోతపడని ఉద్యోగులపై జరిగినవి. ముక్కకూలి మీద బతికే నేతకారునికి వీటిని ఉన్నదున్నట్లుగా వర్తింపజేయడం శాస్త్రీయం కాదు.

5. నొప్పికి మాటలు

నొప్పులపై క్షేత్రపర్యటన చేసేవారు సాధారణంగా 1987లో రూపొందిన నార్డిక్ ప్రశ్నావళిని ఆశ్రయిస్తారు. అది శరీరాన్ని మెడ, భుజాలు, మోచేతులు, మణికట్టు-చేతులు, వీపు పైభాగం, నడుము, తుంటి-తొడలు, మోకాళ్ళు, చీలమండలు-పాదాలు అని తొమ్మిది భాగాలుగా విభజించి, గత 12 నెలల్లో, గత 7 రోజుల్లో నొప్పి ఉందా అని అడుగుతుంది. దీన్ని ప్రామాణిక తెలుగులోకి మార్చి పాలమూరు పల్లెకు తీసుకువెళితే చిక్కు మొదలవుతుంది.

ఇక్కడ 'రెక్క' అంటే గూడ నుండి మణికట్టు దాకా చేయంతా. 'రెక్కలు గుంజుతున్నయి' అన్న జవాబును ప్రశ్నావళిలోని ఏ గడిలో వేయాలి? గూడ, జబ్బ, మోచేయి అని విడగొట్టి అడిగితే తప్ప తేలదు. పైగా 'రెక్క' శరీరభాగం మాత్రమే కాదు, ఉపాధికి పర్యాయపదం. 'రెక్కాడితేగాని డొక్కాడదు' అన్న సామెతలో, 'రెక్కలు ముక్కలు చేసుకొను' అన్న జాతీయంలో ఆ అర్థమే ప్రధానం. రెక్క నొస్తోందని ఒప్పుకోవడం బతుకు నొస్తోందని ఒప్పుకోవడంతో సమానం. అందుచేత పరాయివారు అడిగితే 'ఏం లేదు సారూ, మంచిగనే ఉన్న' అనే జవాబు రావడంలో ఆశ్చర్యం లేదు.

నొప్పి తీరును తెలిపే పదాలు మరింత విలువైనవి. సలుపు, పోటు, గుంజుడు, తిమ్మిరి, పట్టు, మంట – ఇవి పర్యాయపదాలు కావు. 'నడుం పట్టింది' అన్నది కండరం బిగుసుకున్న స్థితి. సాధారణంగా కదలికతో, వెచ్చదనంతో సడలేది. 'కాలు తిమ్మిరెక్కుతుంది' అన్నది నరం నొక్కుకుపోయిందనడానికి సూచన కావచ్చు. అటువంటివారికి వ్యాయామం చెప్పేముందు వైద్యుని చూపించాలి. రాత్రి నిద్రలో లేపే నొప్పి, కాలిలో పట్టు తప్పడం కూడా ఇదే కోవలోనివి. వీటన్నిటినీ 'నొప్పి' అనే ఒక్క మాటలో ముంచేసిన అనువాద ప్రశ్నావళి వైద్యునికి అవసరమైన భేదాన్నే చెరిపేస్తుంది.

'ఒత్తిడి' సంగతి ఇంకా క్లిష్టం. మానసిక స్థితికి ఈ పదం పత్రికల ద్వారా, పాఠ్యపుస్తకాల ద్వారా స్థిరపడింది. మీకు ఒత్తిడి ఉందా అని కండెలు చుట్టే స్త్రీని అడిగితే ప్రశ్న ఆమెకు చేరదు. రంది, పరేశాన్, తండ్లాట, యాష్ట అన్నవి ఆమె మాటలు. రంది లోలోపల తొలిచే దిగులు, తండ్లాట తీరని ఆరాటం, యాష్ట విసుగుతో కూడిన అలసట. వ్యాయామం యాష్టను తగ్గించగలదు. అప్పు వల్ల కలిగే రందిని తగ్గించలేదు. ఈ విభజన స్థానిక భాషలో సిద్ధంగా ఉండగా దాన్ని 'ఒత్తిడి' కింద కలిపివేయడం పరిశోధనకే నష్టం.

6. పాట – విరామం

శ్రమకూ లయకూ గల సంబంధంపై జర్మన్ ఆర్థికవేత్త కార్ల్ బ్యూషర్ 1896లోనే గ్రంథం ప్రకటించాడు. మనకు బిరుదురాజు రామరాజుగారి 'తెలుగు జానపద గేయ సాహిత్యము' నాటినుండి శ్రామిక గేయాలను సేకరించి వర్గీకరించే సంప్రదాయం ఉంది. నాట్ల పాట, కలుపు పాట, దంపుడు పాట, మోట పాట శ్రమను మరపిస్తాయని ప్రతి సిద్ధాంతగ్రంథంలోనూ కనిపిస్తుంది. ఈ వాక్యం పునరుక్తమై అర్థం కోల్పోయింది. పాట శ్రమను ఎలా మరపిస్తుందో చూడాలి.

ఒకరు చరణం ఎత్తుకొని మిగిలినవారు పల్లవి అందుకొనే పద్ధతిలో పనివేగం గుంపు మొత్తానికి ఒకటవుతుంది. నిదానంగా నాటే ముసలామె వెనుకబడదు. పాడాలంటే ఊపిరి నెమ్మదిగా విడవాలి. నేడు ప్రాణాయామం పేరుతో నేర్పుతున్న దీర్ఘనిశ్వాసం పాటలో అప్రయత్నంగా జరుగుతుంది. పాట మారేటప్పుడు నడుములు లేస్తాయి. అంటే లయలోనే విరామం ఇమిడి ఉంది. అలాగని పాటను పనిచోటు వ్యాయామానికి పూర్వరూపమని కీర్తించడం అతిశయోక్తి. వేగం పెంచడానికి పాట ఎత్తుకొమ్మనే దొరలూ ఉండేవారు, మేస్త్రీలూ ఉంటారు. ఇప్పుడు ఎకరానికింత అని గుత్త పద్ధతి వచ్చాక పాటతోపాటు ఆ లేచి నిలబడే క్షణమూ పోయింది. జానపద పరిశోధకులు పాట అంతరించిందని బాధపడతారు. పోయినవాటిలో ఆ నిలుపుదల కూడా ఉందని గుర్తించినవారు తక్కువ.

7. గుంత దిగి వచ్చాక

ఆయుష్ మంత్రిత్వ శాఖ 2021లో 'వై-బ్రేక్' పేరిట అయిదు నిమిషాల యోగ విరామ క్రమాన్ని మొబైల్ యాప్‌గా అందుబాటులోకి తెచ్చింది. తాడాసనం, స్కంధచక్రం, కటిచక్రాసనం, అర్ధచక్రాసనం, నాడీశోధనం, భ్రామరి మొదలైనవి అందులో ఉన్నాయి. ఉద్యోగులను దృష్టిలో పెట్టుకొని కూర్చిన క్రమమిది. మూల్యాంకన శిబిరంలో జవాబుపత్రాల కట్టల ముందు తలవంచిన అధ్యాపకులకు, సిద్ధాంతగ్రంథం టైపు చేసుకొనే పరిశోధక విద్యార్థులకు చక్కగా సరిపోతుంది. (మన శాఖలలో దీన్ని ఆచరించేవారెందరో లెక్కించడం వేరే పరిశోధన.) నేతకారునికి, క్రాసింగ్ కూలీకి కొంత మార్పు అవసరం. రోజంతా వంగేవారికి అందులోని ముందుకు వంగే ఆసనం వదిలిపెట్టవచ్చు. వెనుకకు వాలే అర్ధచక్రాసనాన్ని రెండుసార్లు చేయించవచ్చు.

అన్నిటికంటే కీలకమైన ప్రశ్న ఎప్పుడు చేయాలన్నది. గంటకొకసారి అని చెప్పడం మగ్గం ముందు అర్థంలేని మాట. మగ్గానికి గడియారం లేదు గాని దాని ఆగుదలలు దానికున్నాయి. నాడెలో కండె అయిపోతుంది, పోగు తెగుతుంది, నేసిన బట్టను కర్రకు చుట్టవలసి వస్తుంది. వ్యాయామాన్ని వీటికి ముడిపెట్టవచ్చు. కండె మార్చేటప్పుడు గడ్డాన్ని వెనుకకు లాగి మెడ నిటారుగా నిలిపి, గూడలను చెవుల దాకా ఎత్తి వదలడం, వేళ్ళు పూర్తిగా విప్పి మూయడం పది సెకన్ల పని. బట్ట చుట్టేటప్పుడు ఎలాగూ పని ఆగుతుంది గనుక గుంతలోంచి లేచి, అరచేతులు నడుముకు ఆనించి నాలుగైదుసార్లు వెనుకకు వాలి, రెక్క ఎముకలను ఒకదానికొకటి దగ్గరగా తెచ్చి, పదడుగులు నడిచి రావచ్చు. పాత నూలుతో పేనిన తాడును వాకిలి గుంజకు కట్టి వెనుకకు లాగడం వీపు కండరాలకు బలాన్నిస్తుంది. రబ్బరు పట్టీ కొనవలసిన పనిలేదు. కండెలు చుట్టే స్త్రీకి నేలమీది నుండి ఎత్తుపీటకు మారడమే మొదటి వ్యాయామం.

8. కదలిక, పనిముట్టు, కూలి

వ్యాయామం గురించి రాసేవారు సాధారణంగా ఇక్కడితో ఆగిపోతారు. అలా ఆగితే నొప్పికి బాధ్యత నొప్పిపడేవారి మీదనే పడుతుంది.

ఆలేరు ప్రాంతంలోని శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం కథ ఈ సందర్భంలో తలచుకోదగినది. పోచంపల్లి తరహా చీరకు ఆసు పోయడంలో ఆయన తల్లి లక్ష్మి చేయి గూటాల చుట్టూ చీరకు వేలసార్లు అటూ ఇటూ తిరిగేది. తల్లి గూడనొప్పి చూడలేక ఆయన ఏళ్ళ తరబడి శ్రమించి 1999లో ఆసుయంత్రాన్ని రూపొందించాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ఆ తల్లికి రోజూ గూడలు తిప్పమని సలహా ఇచ్చి ఉంటే కొంత ఉపశమనం కలిగేది కావచ్చు, ఆ వేలసార్ల కదలిక మాత్రం తప్పేది కాదు. ఎక్కడ పనిముట్టు మారగలదో అక్కడ పనిముట్టునే ముందు మార్చాలి. గద్వాల కుట్టు అంచు పనిలో చేతినైపుణ్యమే చీరకు విలువ గనుక అక్కడ యంత్రానికి చోటు తక్కువ. కూర్చొనే పీట ఎత్తు, గుంత లోతు, వెలుతురు మార్చడానికి చోటుంది. వ్యాయామం అవసరం అక్కడే ఎక్కువ.

ఇక కూలి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం అయిదు గంటల పని దాటకముందే కనీసం అరగంట విరామం ఉండాలని నిర్దేశించింది. ఇంటి మగ్గానికి ఆ రక్షణ లేదు. 2005 నాటి ఉపాధి హామీ చట్టం పనిచోట నీడ, తాగునీరు, ప్రథమచికిత్స పెట్టె ఉండాలన్నది. నడుము నిటారు చేసుకొనే సమయాన్ని ప్రస్తావించలేదు. ఎనిమిది గంటల పనిలో గంటకు 5 నిమిషాల చొప్పున ఆగితే మొత్తం 40 నిమిషాలు, అంటే రోజుకూలిలో పన్నెండోవంతు. చీర లెక్కన కూలి తీసుకొనే కుటుంబం ఆ పన్నెండోవంతును తన జేబులోంచి ఇవ్వలేదు. డెన్మార్క్ అధ్యయనంలోని 2 నిమిషాలైతే రోజులో 240వ వంతు మాత్రమే. కండె మార్పుకు, బట్ట చుట్టడానికి ముడిపెట్టిన క్రమానికి అదనపు సమయం అంతకంటే పెద్దగా పట్టకపోవచ్చు. దీన్ని ఇక్కడి మగ్గాల మీదనే పరీక్షించి చూడాలి.

ఆ పరీక్షకు అనుకూలత ఇప్పుడుంది. వనపర్తి, నాగర్‌కర్నూలులలో 2022లోనూ, గద్వాలలో 2024లోనూ ప్రభుత్వ వైద్యకళాశాలలు మొదలయ్యాయి. సామాజిక వైద్య విభాగాలు గ్రామాల సర్వే చేపట్టినప్పుడు ప్రశ్నావళిని స్థానిక మాండలికంలోకి మార్చే పనిని సమీపంలోని డిగ్రీ కళాశాలల తెలుగు అధ్యాపకులు, పాలమూరు విశ్వవిద్యాలయ పరిశోధకులు తీసుకోవచ్చు. మొదట రూపొందించవలసింది శరీరభాగాల బొమ్మతో కూడిన ఒక పట్టిక. బొమ్మ మీద గూడ, జబ్బ, రెక్క, వీపు, నడుము, తుంటి, పిక్క ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో రాజోలిలో ఒకసారి, అమరచింతలో ఒకసారి, అచ్చంపేట వేరుశనగ చేలల్లో ఒకసారి పనివారి చేతనే గీయించుకోవాలి. మూడు చోట్లా ఆ గీతలు ఒకేచోట పడతాయన్న హామీ లేదు.